కాలేజీ అసలు లెక్క మెస్సులో ఉంది

కౌన్సెలింగ్ రోజుల్లో ఇంట్లో చర్చంతా ట్యూషన్ ఫీజు చుట్టూనే తిరుగుతుంది. కన్వీనర్ కోటాలో ఎంత, రీయింబర్స్‌మెంట్ పోగా చేతి నుంచి పడేదెంత, మేనేజ్‌మెంట్ కోటా అయితే ఎన్ని లక్షలు అని లెక్కలేసుకుని, తీరా సీటొచ్చాక కాలేజీకి వెళ్తే ఆఫీసు కిటికీలోంచి ఇంకో కాగితం చేతికొస్తుంది. హాస్టల్, మెస్ అడ్వాన్సు, బస్సు, కాషన్ డిపాజిట్, యూనిఫాం. ఆ కాగితం అడుగున వేసిన మొత్తం కొన్ని చోట్ల కన్వీనర్ కోటా ఫీజునే దాటిపోతుంది.

క్యాంపస్ సేవల భవిష్యత్తు అనగానే యాప్‌లు, స్మార్ట్ కార్డులు, దోసెలేసే మెషీన్ల గురించి మాట్లాడటం అలవాటైపోయింది. అవి వస్తాయి, రానివ్వండి. పదేళ్ల తర్వాత పిల్లలు ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, ఏ బస్సెక్కుతారు అన్నది మాత్రం ఫీజుకు ఎక్కడ కళ్లెం వేసి ఎక్కడ వదిలేశారన్న దాన్ని బట్టే తేలుతుంది.

ఇప్పుడున్న కళ్లెం కథ 2002లో మొదలైంది. టీఎంఏ పై ఫౌండేషన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రైవేటు కాలేజీలు తమ ఫీజు తామే పెట్టుకోవచ్చు గానీ లాభాపేక్ష కూడదంది. మరుసటి ఏడు ఇస్లామిక్ అకాడమీ కేసులో, రిటైర్డ్ జడ్జి అధ్యక్షతన ఫీజు కమిటీలు వేయమంది. తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ (టీఏఎఫ్‌ఆర్‌సీ), ఆంధ్రలో ఇప్పుడున్న ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ ఆ దారిలో వచ్చినవే. కాలేజీ జమాఖర్చులు చూసి మూడేళ్లకోసారి ఫీజు ఖరారు చేస్తారు. హాస్టలూ మెస్సూ బస్సూ మాత్రం, ఇష్టమైతే తీసుకో లేకపోతే మానెయ్ అనే ఖాతాలో, ఆ లెక్కకు బయట ఉండిపోయాయి. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఆర్టీసీ బస్సు రోజుకు రెండు సార్లు తిరిగే చోట కాలేజీ కట్టి, బస్సు మీ ఇష్టం అంటే ఆ ఇష్టానికి అర్థమేముంది? నీరు పల్లమెరుగు అన్నట్టు, ట్యూషన్ ఫీజు దగ్గర గట్టు వేస్తే డబ్బు మెస్సు వైపూ బస్సు వైపూ పారింది.

ఇది మన దగ్గర మాత్రమే జరిగిన విషయం కాదు. ఇంగ్లండులో స్థానిక డిగ్రీ విద్యార్థుల ఫీజు పరిమితి 2012లో 9,000 పౌండ్లు అయింది, 2017లో 9,250కి పెరిగింది, ఆపైన ఎనిమిదేళ్ల పాటు కదల్లేదు. 2025లో గానీ 9,535కి చేరలేదు. మధ్యలో ధరలు ఎక్కడికి పోయాయో తెలిసిందే. అక్కడి యూనివర్సిటీలు రెండు పనులు చేశాయి. ఒకటి, ఏ పరిమితీ లేని విదేశీ విద్యార్థుల ఫీజు మీద పడ్డాయి. మన ఊళ్లలోంచి లండన్ శివార్లకూ లెస్టర్‌కూ హాట్‌ఫీల్డ్‌కూ ఎంఎస్ అని బయల్దేరిన పిల్లల్లో చాలామంది ఆ లెక్కలో భాగమే. రెండోది, గదులు, క్యాంటీన్లు, జిమ్‌లు, కాన్ఫరెన్స్ హాళ్లు, పార్కింగ్ అన్నింటినీ కలిపి ఒక వ్యాపార విభాగంగా నడపడం. వేసవిలో విద్యార్థులు ఖాళీ చేసిన గదుల్ని అతిథులకు అద్దెకిస్తారు. పక్కనున్న స్కాట్లండులోనూ అంతే, ఎడిన్‌బరాలో ఆగస్టు ఉత్సవాలప్పుడు యూనివర్సిటీ గదుల్లో దిగేది టూరిస్టులే. ఈ పని చూసే అధికారులకు క్యూబో అని దేశవ్యాప్త సంఘం కూడా ఉంది.

అయితే ఆ వ్యాపారం ఇప్పుడు ఇరుకున పడింది. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడానికి వీల్లేదు. దాంతో కుటుంబంతో వద్దామనుకున్నవాళ్లు చాలామంది ఆగిపోయారు. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లయింది, అదే నెలలో యజమాని కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది. కాఫీ పోసే మనిషి ఖర్చు పెరిగి, కాఫీ తాగే మనుషులు తగ్గితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మన పిల్లలు ఆ కాఫీ ఎలాగూ తాగరు అనుకోండి. నలుగురైదుగురు కలిసి బయట ఇల్లు తీసుకుని, ఇంటి నుంచి మోసుకెళ్లిన కుక్కర్లో అన్నం వండుకుంటారు. యూనివర్సిటీ హాలు అద్దె వాళ్లకు అందే లెక్క కాదు.

ఇక్కడి మేనేజ్‌మెంట్లకు ఆ మోడల్ చూస్తే నోరూరుతుంది. రెండు నెలల వేసవి సెలవుల్లో వెయ్యి గదులు ఖాళీగా ఉంటాయి, ఆడిటోరియం ఉంటుంది, ఏసీ సెమినార్ హాళ్లుంటాయి, అద్దెకిస్తే తప్పేంటి అని. తప్పో ఒప్పో తర్వాత, దానికో అడ్డుంది. ఆ అడ్డు పుట్టింది కూడా మన హైకోర్టు నుంచి వెళ్లిన కేసులోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు మీద అప్పీలుగా వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, అప్పటి ఆదాయపు పన్ను చట్టంలోని 10(23సి) సెక్షన్ కింద మినహాయింపు కావాలంటే ఆ సంస్థ పని చదువు ఒక్కటే అయి ఉండాలి. సొంత విద్యార్థులకు హాస్టల్, బస్సు, పుస్తకాలు ఇవ్వడం చదువుకు అనుబంధమే, అందులో మిగులు వచ్చినా ఫర్వాలేదు. బయటివాళ్లు వచ్చి సెమినార్లో కోర్సులో పెట్టుకోవడానికి హాళ్లు అద్దెకిస్తే మాత్రం ఆ ఆదాయం చదువు ఖాతాలోకి రాదు. అంటే బ్రిటన్‌లో యూనివర్సిటీని ఆదుకునే దారి ఇక్కడ పన్ను మినహాయింపుకే ఎసరు పెట్టొచ్చు.

ఈ తీర్పును తిరగేసి చదివితే ఇంకోటి కనిపిస్తుంది. బయటివాళ్ల దగ్గర సంపాదించుకునే దారి ఇరుకైంది, సొంత విద్యార్థుల దగ్గర సంపాదించుకునే దారి తెరిచే ఉంది. ట్యూషన్ ఫీజు కమిటీ చేతిలో ఉంది. ఇక మిగిలింది ఎవరి జేబు?

జీఎస్టీ కూడా ఇందులో తన చెయ్యి తను వేసింది, దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. కాలేజీ తన మెస్సు తానే నడుపుకుంటే విద్యార్థి కట్టే మెస్ బిల్లు మీద పన్ను లేదు. అదే వంటగదిని కాంట్రాక్టరుకు ఇస్తే అతని బిల్లు మీద 5 శాతం పడుతుంది. స్కూళ్లకైతే బయటి వాళ్లు చేసే వంట, సెక్యూరిటీ, ఊడ్చే పని అన్నింటికీ మినహాయింపు ఉంది. అది ఇంటర్ దాకానే. డిగ్రీ కాలేజీ గేటు దగ్గర ఏజెన్సీ నిలబెట్టిన వాచ్‌మన్ మీద 18 శాతం పన్ను పడుతుంది, ఆ పన్ను తిరిగి తీసుకునే వీలు కాలేజీకి ఉండదు. ఇంత కట్టి కూడా అందరూ ఔట్‌సోర్సింగ్ వైపే పరుగెడుతున్నారంటే, సొంత మనుషుల్ని పెట్టుకోవడం అంటే యాజమాన్యాలకు ఎంత టెన్షనో అర్థమవుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ, పర్మనెంట్ చేయమని అడిగే యూనియన్, ఇవన్నీ ఇంకొకడి నెత్తిన పెట్టేయడానికి 18 శాతం వాళ్లకు ఎక్కువ అనిపించడం లేదు.

హాస్టళ్ల మీద జీఎస్టీ గొడవ 2024 జూన్ 22న జరిగిన కౌన్సిల్ సమావేశంతో కొంత సర్దుకుంది. నెలకు మనిషికి 20,000 రూపాయల లోపు ఉండి, కనీసం 90 రోజులు వరసగా ఉంటే పన్ను లేదన్నారు. ప్రైవేటు హాస్టళ్లకు అది ఊరట. వేసవిలో నెలా రెండు నెలలకు గదులిచ్చేవాళ్లకు ఊరట కాదు, ఎందుకంటే 90 రోజులు నిండవు.

ఇక మెస్సు సంగతి.

పాత యూనివర్సిటీ హాస్టళ్లలో చదివినవాళ్లకు డివైడింగ్ సిస్టం అంటే విడమర్చి చెప్పక్కర్లేదు. నెల మొత్తం కూరగాయలు, సరుకులు, గ్యాసు, పాలు ఎంతయిందో కలిపి, ఎంతమంది ఎన్ని రోజులు తిన్నారో చూసి, రోజుకింత అని భాగించడం. తినని రోజుకు కట్టక్కర్లేదు. విద్యార్థుల్లోంచే ఒకరు మెస్ సెక్రటరీ, బోయిన్‌పల్లి మార్కెట్‌కో మలక్‌పేట గంజ్‌కో పొద్దున్నే వెళ్లేది, సంచీలు లెక్కపెట్టుకునేది అతనే. దీని లోపాలు దీనికున్నాయి. సెక్రటరీ కొత్త బైకు కొన్న నెలలో బిల్లు ఎందుకు పెరిగిందన్న జోకు ప్రతి హాస్టల్‌లోనూ వినిపించేది. హాస్టల్‌లో పేరు లేకుండా ఉండే నాన్‌బోర్డర్లు తిన్నదంతా బోర్డర్ల బిల్లులో పడేది. స్కాలర్‌షిప్ రాకపోతే బకాయిలు కొండలా పెరిగి, సర్టిఫికెట్ల కోసం వెళ్లిన రోజున నో డ్యూస్ కాగితం దగ్గర బయటపడేవి. అయినా ఒక మంచి గుణం ఉంది. కందిపప్పు ధర పెరిగితే బిల్లు పెరుగుతుంది, పప్పు మాత్రం పలచబడదు. ధర దాచడానికి ఎవరికీ అవసరం ఉండదు.

కాంట్రాక్టు మెస్సులో దీనికి తలకిందులు. రోజుకు తలకింత అని టెండర్లో ముందే ఖరారవుతుంది, ఏడాదంతా అదే రేటు. హోటళ్లు, మెస్సులు వాడే 19 కిలోల సిలిండర్ ధర నెల నెలా ఒకటో తారీఖున మారుతుంది. టమాటా అయితే వారం వారం మారుతుంది. రేటు కదలనప్పుడు కదిలేది గరిటె ఒక్కటే. సాంబారులో ముక్క వెతుక్కోవలసి వచ్చిందంటే వంటవాడి చెయ్యి బాగోలేదని అర్థం కాదు, టెండరు వేసిన నెలకీ ఇప్పటికీ మధ్య మార్కెట్ మారిందని. కాంట్రాక్టరుకు అసలు లాభం ఎక్కడుందో కూడా చాలామంది గమనించరు. శని, ఆదివారాలు ఊరెళ్లిపోయినవాళ్లు, రాత్రి బయట తిన్నవాళ్లు, ముందే డబ్బు కట్టి తినని ప్లేట్లన్నీ అతనికి మిగులే. అందుకే టెండర్లో ఇంతమందికి తగ్గకుండా డబ్బివ్వాలి అనే షరతు కోసం అంత పట్టుబడతారు, తినని రోజులకు బిల్లు తగ్గించే మెస్ కట్ నాలుగైదు రోజుల ముందు చెప్తేనే చెల్లుతుందనే రూలు పెడతారు.

రేపు ఏం తింటారో ఈ రాత్రే ఫోన్లో నొక్కితే వృథా తగ్గుతుందని చెప్పే యాప్‌లు ఇక్కడికే వచ్చి ఆగుతాయి. వృథా తగ్గడం నిజమే. తగ్గిన ఖర్చు ఎవరికి పోతుంది? తినని పూటకు డబ్బు వెనక్కిచ్చే షరతు టెండర్లో లేకపోతే, యాప్ చేసేదల్లా కాంట్రాక్టరుకు ఎన్ని ప్లేట్లు తక్కువ వండొచ్చో ముందురోజే చెప్పడం. డివైడింగ్ సిస్టంకు ఇదే యాప్ తగిలిస్తే నాన్‌బోర్డర్ల గొడవా తీరుతుంది, సెక్రటరీ లెక్క అందరి ఫోన్లోనూ కనిపిస్తుంది. ఇంత తేలికైన పని ఎక్కువ చోట్ల జరగకపోవడానికి కారణం సాఫ్ట్‌వేర్ ఖరీదు అయితే కాదు.

ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లలో అంకెలు మరీ చిన్నవి. తెలంగాణలో ఏళ్ల తరబడి కదలని డైట్ ఛార్జీలను 2024 నవంబరులో 40 శాతం పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. రోజుకు 70 రూపాయలు, అందులోనే టిఫిను, రెండు పూటలా భోజనం, గుడ్డు. బియ్యం చవగ్గా వస్తుంది కాబట్టి ఎలాగో నడుస్తుంది. ఆంధ్రలో 2020 ఫిబ్రవరిలో విజయనగరంలో మొదలుపెట్టిన వసతి దీవెన ఇంకో దారి పట్టింది. డిగ్రీ, ఆపై చదువులకు ఏడాదికి 20,000 రూపాయలు తల్లి ఖాతాలో వేశారు. రెండింటి మధ్య తేడా డబ్బు ఎంతన్న దాంట్లో లేదు, డబ్బు ఎవరి చేతికెళ్లిందన్న దాంట్లో ఉంది. తల్లి ఖాతాలో పడితే పిల్లవాడు నచ్చిన చోట ఉండొచ్చు, కానీ కాలేజీ వంటగదికి రేపు ఎంతమంది వస్తారో తెలియదు, వాయిదా ఆలస్యమైతే ఇంట్లో ముందు ఆగేది మెస్ ఫీజే. వంటగదికే డబ్బు వెళితే నిలకడ ఉంటుంది, నచ్చకపోతే వేరే చోటికి వెళ్లే వీలుండదు. వేల మంది పిల్లలు పదో తరగతి అవగానే వచ్చి ఆరేళ్లు లోపలే ఉండే బాసర ట్రిపుల్ ఐటీలో 2022 జూన్‌లో వారం రోజులు వానలో ఎండలో కూర్చుని ధర్నా చేశారంటే, దానికి వెనక ఉన్నది ఇదే. బయట తినే వీలు లేని చోట ఫిర్యాదు చేయడానికి మిగిలే దారి రోడ్డే.

కేంద్ర యూనివర్సిటీల్లో ఇది ఇంకో రూపంలో వచ్చింది. 2019లో జేఎన్‌యూలో గది అద్దె పదో ఇరవయ్యో రూపాయల నుంచి 300కో 600కో పెంచారన్న మాటే ఎక్కువగా వినిపించింది, టీవీల్లో పది రూపాయల అద్దె మీద బోలెడు వెటకారం నడిచింది. అసలు బరువు పక్క వరసలో ఉంది. నెలకు 1,700 రూపాయల సర్వీస్ ఛార్జీ అని కొత్తగా పెట్టారు. అప్పటిదాకా యూనివర్సిటీ భరిస్తూ వచ్చిన మెస్ వర్కర్ల జీతాలు, పారిశుద్ధ్యం లాంటివి విద్యార్థి బిల్లులోకి మార్చడమే దాని అర్థం. 2017లో కేంద్రం కెనరా బ్యాంకుతో కలిసి పెట్టిన, ఉన్నత విద్యా సంస్థలకు అప్పులిచ్చే హెఫా నుంచి అప్పు తెచ్చి హాస్టళ్లు కట్టే పద్ధతి కూడా ఇలాంటిదే. పాత గ్రాంటులా అది ఉచితం కాదు, పాత సాంకేతిక సంస్థలైతే అప్పు అసలునంతా సొంత ఆదాయంలోంచి తీర్చాలి. సొంత ఆదాయం అంటే మళ్లీ గది అద్దె, ఫీజులే.

కట్టిన గదులు నిండుతాయా అనేది వేరే ప్రశ్న. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఎక్కువమందిని కనండి అని ముఖ్యమంత్రులు చెప్పినా, ఆ పిల్లలు హాస్టల్ మెట్లెక్కడానికి పద్దెనిమిదేళ్లు పడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో రీయింబర్స్‌మెంట్ ఊపులో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా పోయి, తర్వాత ఎలా మూతపడుతూ వచ్చాయో అందరం చూశాం. హైవే పక్కన గేటుకు తాళం పడి, పిచ్చిచెట్లు మొలిచిన ఆ బ్లాకుల్లో హాస్టళ్లూ ఉన్నాయి. అందుకేనేమో కొత్తగా వచ్చేవాళ్లు కట్టడమే మానేస్తున్నారు. 2025లో గురుగ్రామ్‌లో మొదలైన సౌతాంప్టన్ యూనివర్సిటీ క్యాంపస్ ఒక ఐటీ పార్కులో ఉంది. ఎకరాలు లేవు, చెట్ల కింద క్యాంటీన్ లేదు. హైదరాబాద్, విశాఖల్లోనూ ఇలాంటివి వస్తే గదులు, భోజనం చుట్టుపక్కల పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల వ్యాపారమవుతాయి. కాలేజీకి ఆ బాధ్యత పోతుంది, లాభమూ పోతుంది. విద్యార్థికి మాత్రం వార్డెన్ బదులు ఇంటి ఓనరు వస్తాడు.

బస్సుల కథ త్వరలోనే మారేలా ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. యాభై సీట్ల కాలేజీ బస్సులో ముప్పై మంది ఎక్కినా డీజిల్ అంతే, డ్రైవర్ జీతం అంతే. అమ్మాయిల్లో సగం మంది ఆర్టీసీకి మళ్లితే రూటు గిట్టదు. అందుకని బస్సు ఫీజు అందరికీ తప్పనిసరి చేసే కాలేజీలున్నాయి. ఎక్కని బస్సుకు డబ్బు తీసుకోవడం ఏ పేరు పెట్టినా సమర్థించుకోలేని పని. తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే కిక్కిరిసిన ఆర్టీసీ కన్నా గేటు దగ్గర దింపే పసుపు రంగు కాలేజీ బస్సే నయం అనిపిస్తుంది, అదీ నిజమే. కాలేజీ ఆర్టీసీతో మాట్లాడుకుని పొద్దున, సాయంత్రం ట్రిప్పులు వేయించుకుంటే ఇద్దరికీ గిట్టుబాటవుతుంది.

షాపుల గురించి ఒక మాట. క్యాంపస్‌లో షాపును ఎక్కువ అద్దె పాడినవాడికే ఇచ్చే వేలంపాట ఉన్నంతకాలం, ఆ అద్దె జ్యూసు గ్లాసులోంచే వసూలవుతుంది. జిరాక్స్ షాపుల్ని వాట్సాప్ పీడీఎఫ్‌లు సగం మింగేశాయి, రాత్రి క్యాంటీన్‌ను గేటు బయట ఆగే స్విగ్గీ, జొమాటో బైకులు మింగుతున్నాయి.

ఈ లెక్కలన్నిట్లోనూ వండేవాళ్లూ ఊడ్చేవాళ్లూ ఒక పద్దు కింద పడి ఉంటారు. టెండర్లో రోజుకు తలకింత అన్న రేటులోనే వాళ్ల జీతం కలిసిపోయి ఉంటుంది, విడిగా కనిపించదు. కాబట్టి రేటు తగ్గించి పాడినవాడు కోత పెట్టేది సరుకుల్లోనన్నా, మనుషుల్లోనన్నా. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 2017లో క్లీనర్లు విడతలవారీగా సమ్మె చేస్తే, మరుసటి ఏడు వాళ్లను ఏజెన్సీ నుంచి తప్పించి యూనివర్సిటీ ఉద్యోగులుగానే తీసుకున్నారు. ఇక్కడ ప్రయాణం అటు నుంచి ఇటు సాగుతోంది: పర్మనెంట్ కుక్ రిటైరైతే ఆ పోస్టు అక్కడితో సరి, ఆ స్థానంలో ఏజెన్సీ మనిషి. కాంట్రాక్టరు మారినప్పుడు బోర్డు మారుతుంది, బిల్లు పుస్తకం మారుతుంది. పొయ్యి దగ్గర నిలబడేది చాలా చోట్ల ఆ పాత మనిషే. పదిహేనేళ్లుగా అదే వంటగదిలో ఉన్నా, కొత్త ఏజెన్సీ కాగితాల్లో ఆమె చేరిన తేదీ పోయిన నెల ఒకటో తారీఖు.